ఆలుమగలు కూర్చుండు సాయంకాలము

క్యాథలిక్ విచారణలలో కొన్ని దశాబ్దములుగా ఒక మంచి వాడుక వ్యాపించినది. పెండ్లియై కొన్ని సంవత్సరములు గడచిన దంపతులను ఒక సాయంకాలము పిలుతురు. బిడ్డలను ఇంటిలోని పెద్దలకు అప్పగించి రమ్మందురు. ప్రార్థనానంతరము జంటజంటగా ఎడముగా కూర్చుండబెట్టుదురు. కాపురమున అనుభవము గల ఆలుమగలిద్దరు లేచి తమ ఒడుదొడుకులను కొంత చెప్పుదురు. పిమ్మట ఒక ప్రశ్న నిత్తురు. భార్య వేరుగా, భర్త వేరుగా దానికి సమాధానమును కాగితముపై వ్రాసి, ఒకరిది మరియొకరు చదివి, ఇతరులకు వినబడకుండ మాటలాడుకొందురు. చివరకు చేతులు పట్టుకొని పెండ్లినాటి ప్రమాణమును మరల పలుకగా గురువు ఆశీర్వదించును. విందుతో కార్యక్రమము ముగియును.

దీనిని గూర్చి మన కుటుంబములలో రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. ఒకసారి కట్టిన తాళి యుండగా మరల పెండ్లి యేమిటని ఒకటి. ఆలుమగల మాట నలుగురిలో నేల యని రెండవది.

మొదటిదానికి సమాధానము సులభము. అది మరల పెండ్లి కాదు. వివాహబంధము ఇద్దరిలో ఒకరి మరణము వరకు నిలిచియే యుండునని క్యాథలిక్ మతము బోధించును. నిలిచియున్న దానిని తిరిగి కట్టవలసిన పని లేదు. అంతేకాక, లాటిను సంప్రదాయమున వివాహమను సంస్కారమును నెరవేర్చువారు వధూవరులే, గురువు సాక్షి మాత్రమే. కావున ఆ మాటను వారిరువురే తలచుకొని పలుకుట సముచితము. అరువదియేండ్లు నిండినపుడు షష్టిపూర్తి జరిపి, మనుమల యెదుట మరల తాళి కట్టించు జాతికి ఇందులో వింత యేమున్నది? భేదమేమన, మనము అరువదవయేట చేయుదుము. వీరు పదవయేటనో పదునైదవయేటనో చేయుదురు. నాకు రెండవదియే మేలుగా తోచుచున్నది. అరువదియేండ్లకు మాటలాడుకొనవలసిన వారు సగము సంగతులు మరచిపోవుదురు.

ఇంకొక విషయము. మన యిండ్లలో పెండ్లినాడు వధూవరులు ఒకరినొకరు ఎంత యెరుగుదురు? సంబంధము పెద్దలు కుదుర్చుదురు. 1929లో శారదా చట్టము వచ్చిన పిమ్మట, ఆ చట్టము చెల్లని ఫ్రెంచి యానాముకు బాల్యవివాహములకై జనులు తరలివచ్చిరి; కల్యాణపురమను పేరు ఆ యూరికి అట్లు వచ్చినదే. ఆ పసివారిని సమ్మతి యడిగినవారెవ్వరు? క్యాథలిక్ వివాహమునకు సమ్మతియే ప్రాణము. అయినను ఎరుగని మనిషికి ఇచ్చిన సమ్మతి వేరు. పదునైదేండ్లు అన్నము వండి పెట్టి, అప్పులు తీర్చి, జ్వరములలో మేలుకొని, తప్పులన్నియు చూచిన పిమ్మట అదే మనిషికి ఇచ్చు సమ్మతి వేరు. రెండవసారి పలికిన ప్రమాణమే తెలిసి పలికినది.

రెండవ ఆక్షేపణకు ఈ వాడుక పుట్టుకను చూడవలెను. ఫ్రాన్సు దేశమున హెన్రీ కఫరెల్ అను గురువు 1939 ప్రాంతమున కొందరు యువదంపతులతో కూడి ప్రారంభించిన సంఘములకు 1947లో నియమావళి యేర్పడినది. అందొక నియమము, దంపతులు నెలకొకసారి యొకచోట కూర్చుండి మాటలాడుకొనవలెననుట. దానికి వారు పెట్టిన పేరే 'కూర్చుండు విధి'. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనడా యని లూకా సువార్తలో క్రీస్తు చెప్పిన ఉపమానము దీనికి మూలము. స్పెయిను దేశమున బార్సిలోనా నగరములో గాబ్రియేల్ కాల్వో అను గురువు 1952 నుండి దంపతులకై కృషి చేసి, 1962లో 28 జంటలను కూర్చి మొదటి సమావేశమును జరిపెను. వచ్చినవారిలో అధికులు శ్రామికులే. అది అమెరికాకు పోయి, అచటినుండి లోకమంతట వ్యాపించినది. ఆ పద్ధతిలో నిత్యసాధన యొకటి కలదు: పది నిమిషములు వ్రాయుట, పది నిమిషములు మాటలాడుట. వ్రాసినది జీవితభాగస్వామి తప్ప అన్యులు చదువరు. ఇందులో నలుగురిలో పెట్టునది యేమియు లేదు.

సత్యము చెప్పవలెనన్న, నలుగురిలో నున్నది మన యిల్లే. అత్తమామలు, మరదులు, వచ్చిపోవు చుట్టములు గల యింటిలో ఆలుమగలకు మాటలాడుకొను తావేది? పాలవాని లెక్క, బిడ్డల ఫీజు, ఎవరి పెండ్లికి ఎంత చదివింపు అను సంగతులలో దినము గడచును. దేవాలయపు ఆవరణమున ఒక మూల రెండు కుర్చీలు వేసిరన్న, కొందరికి సంవత్సరములో దొరికిన ఏకాంతము అదియే.

ఇక మనకు సంబంధించిన అసలు చిక్కు. ఉత్తరము ఏ భాషలో వ్రాయవలెను?

పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి జెసూటుల కర్ణాటక మిషను నాటినుండి క్యాథలిక్ మతమున నున్న తెలుగు కుటుంబములు కలవు. వారిలో ఆంధ్రదేశపు ఎల్లలు దాటి స్థిరపడినవారు కొందరు. హోసూరులో గాని, బళ్ళారిలో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని ఇట్టి సాయంకాలము జరిగినపుడు ప్రశ్నాపత్రము ఇంగ్లీషులోనో ఆ రాష్ట్రభాషలోనో యుండును. తమిళములో చదివిన భర్త, చిత్తూరు వైపునుండి కోడలుగా వచ్చి తెలుగులో చదివిన భార్య, ఈ జంటను తలచుకొనుడు. ఇద్దరును ఇంట తెలుగే మాటలాడుదురు. ఆమె వ్రాసినది అతడు చదువలేడు. అతడు వ్రాసినది ఆమెకు అర్థము కాదు. ఇద్దరికిని కొంత వచ్చిన ఇంగ్లీషులో వ్రాయుదమన్న, సెలవు చీటీ వ్రాయుటకు చాలినంత ఇంగ్లీషు మనసు విప్పుటకు చాలునా? తమిళనాట 2006వ సంవత్సరపు చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి యైన పిమ్మట తెలుగు లిపి యెరుగని తెలుగువారు ఇంకను పెరుగుచున్నారు. లిపి పోయిన నష్టమును గ్రంథాలయములలో లెక్కించుచున్నాము. పడకగదిలో లెక్కించుట లేదు.

అనువాదము చేసిన చాలునా యనిన, చాలదు. 2016లో వెలువడిన ప్రేమానందమును గూర్చిన ఉపదేశమున ఫ్రాన్సిస్ పోపుగారు కుటుంబములకు మూడు మాటలు ముఖ్యమనిరి: దయచేసి, కృతజ్ఞతలు, క్షమింపుము. మంచి మాటలే. కాని మన యిండ్లలో 'కృతజ్ఞతలు' అని భార్యతో చెప్పిన భర్తను ఆమె జ్వరమేమోనని తాకి చూచును! అలిగిన మనిషి ముందు పలుకరింపక కాఫీ తెచ్చి పెట్టుటయే మనకు క్షమాపణము. 'పోనీలెండి' అనుటయే మన్నింపు. ఉత్తరమును ఎట్లు మొదలుపెట్టవలెనన్నదే మనకు కష్టము. పాతకాలపు భర్త 'చి.ల.సౌ.' అని మొదలుపెట్టి క్షేమసమాచారముతో ముగించెడివాడు. భార్యకు 'ఏమండీ' యను పిలుపు తప్ప వేరు సంబోధన లేదు. అయిన నేమి? 'ఏమండీ' యని మొదలుపెట్టిన ఉత్తరమే అసలైన ఉత్తరము. ఈ సంగతి తెలిసిన తెలుగు దంపతులే ప్రశ్నలను తయారుచేయవలెను.

ఈ సాయంకాలమునకు నా పూర్ణసమ్మతి కలదు గాని, ఒక హద్దు చెప్పక తప్పదు. దెబ్బలు తిను స్త్రీని 'పోయి ఉత్తరము వ్రాసికొనుము' అని పంపుట క్రూరత్వము. అట్టి యింటికి 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము, రక్షణాధికారి, ఆమె పుట్టింటివారు కావలెను, విందు కాదు. భయపడు మనిషి కాగితముపై నిజము వ్రాయదు. నిర్వాహకులు ఆహ్వానము పంపునాడే దీనిని గమనింపవలెను.

వివాహ దినోత్సవమని ఫిబ్రవరి రెండవ ఆదివారమును పలు క్యాథలిక్ విచారణలలో పాటించుచున్నారు. తెలుగు కుటుంబములు పది యున్న విచారణలో కూడ ఆనాటికి ఈ యేర్పాటు కష్టము కాదు. 1963లో రెండవ వాటికను మహాసభ ఆరాధనలో ప్రజల భాషలకు చోటిచ్చినది గదా. ప్రమాణమును తెలుగులో పలికింపుడని విచారణ గురువును మన పెద్దలు వినయముగా కోరవచ్చును. ప్రశ్నను తెలుగులో బిగ్గరగా చదివి వినిపింపవలెను. తెలుగు మాటను తమిళ లిపిలో గాని, కన్నడ లిపిలో గాని, ఒడియా లిపిలో గాని వ్రాసిన తప్పులేదు. వ్రాసినవారే దానిని భాగస్వామికి చదివి వినిపింపవచ్చును. వ్రాత రానివారు మాటతో చెప్పుకొందురు. ప్రశ్న యొక్కటియే చాలును: ఈ సంవత్సరములో నీవు నాకు చెప్పక దాచుకొన్న కష్టమేది? కాగితములను ఎవరివి వారే ఇంటికి కొనిపోవలెను. నిర్వాహకులు వానిని పోగుచేయరాదు.