ఖిద్మత్ అంటే ఇంట్లో పడుకోబెట్టడమేనా?

అబ్బాకు ఫాలిజ్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. డిశ్చార్జి రోజున డాక్టర్ సాబ్ "కొన్ని వారాలు రీహాబ్ సెంటర్‌లో ఉంచండి" అన్నారు. "బాప్‌ను బయట వదిలేస్తారా? లోగ్ క్యా కహేంగే!" అంది మొహల్లా. ఇజ్జత్‌కు భయపడి దువ్వాడలో ఇంటికే తెచ్చుకున్నాం.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నేను డ్యూటీ అని తప్పించుకున్నా. రాత్రిళ్లు తిప్పింది అమ్మీ ఒక్కతే. ఇరవై రోజులకు అబ్బా వీపున పుండు పడింది, అమ్మీ నడుం పట్టేసింది. ఆ ఇజ్జత్ ఖరీదు వాళ్లిద్దరూ కట్టారు.

ఫాలిజ్ తర్వాత మొదటి మూడు నెలలే చాలా కీలకం. ఆయుష్మాన్ భారత్ డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షల వరకే ఆదుకుంటుంది. అమెరికా మెడికేర్‌లో షరతులతో 100 రోజుల దాకా నర్సింగ్ కేంద్రం ఉంది. ఇక్కడ భారం మన జేబు మీదే. కనుక చూసి ఎంచుకోండి.

చెప్పకుండా రాత్రిపూట వెళ్లండి. నర్సు మేలుకుని ఉందా? ఎంతమందికి ఒకరు? ఫిజియోథెరపీ రోజుకెంతసేపు? మింగలేనివాళ్లకు ఎవరు తినిపిస్తున్నారు? హాలత్ బిగడితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? ఇంటికి దగ్గరైతే ఇంకా మంచిది, రోజూ వెళ్లొచ్చు.

మా-బాప్ ఖిద్మత్ ఫర్జే, కాదనను. కానీ భాయీ, పని తెలిసిన చేతుల్లో పెట్టి, రోజూ వెళ్లి పక్కన కూర్చోవడం కూడా ఖిద్మతే.