బెండకాయ చెప్పిన పాఠము



కళాశాల గడప త్రొక్కని మేము కళాశాలను గూర్చి వ్రాయబూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని మా ఆడపడుచు కుమారుడు మా యింటనే యుండి డిగ్రీలో వృక్షశాస్త్రము చదువుచున్నాడు. వానితోపాటు కళాశాలయు ప్రతిదినము సాయంకాలము మా వంటింటికి వచ్చి పీట వైచుకొని కూర్చుండును.

అచట నూటికి 75 పాళ్ల హాజరు లేనిదే పరీక్షకు కూర్చుండనీయరట. కావున ఒక్కొక్క స్నేహితుడు ముగ్గురి పేళ్లకు మూడు గొంతులతో 'ఎస్ సార్' అని పలుకునట! నాటకములలో నైనచో ఇట్టి విద్యకు పతకము లిత్తురు. ఇచట పట్టుబడినచో జరిమానా. పుస్తకములు కొనుట సంవత్సరారంభమున, విప్పుట పరీక్షకు ముందు రాత్రి. క్యాంటీనులో టీ యొక్కటి, గ్లాసులు మూడు.

అన్నింటికంటె విడ్డూరమైనది రికార్డు పుస్తకము. ఒక ప్రక్క బొమ్మకు తెల్లపుట, ఒక ప్రక్క వ్రాతకు గీతలపుట. అధ్యాపకుని సంతకము లేనిదే ప్రయోగ పరీక్షకు పోరాదు. గడువు రేపనగా మావాడు "అత్తయ్యా! నీది ముగ్గులు తీర్చిన చేయి. ఈ మందారపువ్వును నిలువుగా కోసినట్లు గీచిపెట్టవా?" అని బ్రతిమాలెను. ముగ్గును మెచ్చుకొన్న పిమ్మట కాదనగల యిల్లాలు గలదా?

రాత్రి పండ్రెండు గంటలవరకు గీచితిమి. గీచుచు చదివితిమి. మందారమున కేసరములన్నియు నొకే గొట్టముగా కూడి కీలమును చుట్టియుండునట. అండాశయమున గదులు అయిదట. మందార, ప్రత్తి, బెండ, గోంగూర, అన్నియు నొకే కుటుంబమట! పదునైదేండ్లుగా తరుగుచు ఈ చుట్టరికము నెరుగమైతిమి గదా యని, తెల్లవారగనే బెండకాయ నడ్డముగా కోసి చూచితిమి. అయిదు గదులు! ఆనాటి వేపుడు మాకు కొత్త రుచిగా నుండెను.

బొమ్మలకు మంచి మార్కులు వచ్చినవి. ఇల్లంతయు మురిసినది. ప్రయోగ పరీక్షనాడు పరీక్షకుడు రికార్డు తెరచి, "చక్కగా గీచితివి. అండాశయమున గదు లెన్ని?" అని యడిగెనట. మావాడు పైకప్పు చూచి "రెండు" అనెనట! ఉదయము తిన్న బెండకాయ కడుపులోనుండి 'అయిదు' అని కేకవేసినను వినబడలేదు కాబోలు.

వాడు ముఖము వ్రేలవైచుకొని యింటికి వచ్చెను. మేము నవ్వబోతిమి గాని నవ్వు రాలేదు. బడిపంతులైన మా వారు భోజనముకడ మెల్లగా, "సగము తప్పు వానిది, సగము నీది. వాని చదువు నీవు చదివితివి" అనిరి. ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొనెను. ప్రేమతో చేసితిమనుకొన్నది దొంగతన మాయెను గదా! బడిలో కూర్చుండి చదువుకొనలేదన్న కొరత మాలో నెచటనో దాగియుండుటచేతనే ఆ రాత్రి నిద్ర మానితిమేమో.

ఇప్పుడు రెండవ రికార్డు వచ్చినది. పెన్సిలు చెక్కి వాని చేతికే యిచ్చితిమి. వాడు గీచిన వంగపువ్వు విరిగిన గొడుగువలె నున్నది. అయినను మేము ప్రక్కన కూర్చుండి "ఇదేమి? అదేమి?" అని యడుగుచున్నాము, వాడు చెప్పుచున్నాడు. చెప్పలేనిచో పుస్తకము తీయుచున్నాడు.

అక్కలారా, చెల్లెండ్రారా! పిల్లలకు వండిపెట్టుడు, దీపముకడ తోడు కూర్చుండుడు. బొమ్మ మాత్రము వారినే గీయనిండు. మీకును గీయవలెనను కోరిక యున్నచో మీకై వేరొక పుస్తకము కొనుడు. మేము నిన్ననే కొంటిమి.