స్కాన్ బొమ్మ వెనక లెక్క

స్కానింగ్ సెంటర్ నుంచి బయటికొచ్చే మనిషి చేతిలో ఒక పెద్ద కవరు ఉంటుంది. ఇంటికెళ్లాక అందులోని నల్లటి ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి, అర్థమైనా కాకపోయినా ఇంటిల్లిపాదీ చూస్తారు. లోపల ఉన్నది ఉన్నట్టు తీసిన ఫొటో అనే నమ్మకం. నిజానికి సీటీ యంత్రం ఫొటో తీయదు. శరీరం చుట్టూ తిరుగుతూ, ఏ దిక్కు నుంచి పంపిన ఎక్స్‌రే ఎంత అవతలికి చేరిందో కొలుస్తుంది, అంతే. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలి రోగిని స్కాన్ చేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం 180 కోణాల్లో, కోణానికి 160 చొప్పున 28,800 కొలతలు తీసుకుంది. వాటి నుంచి 80 వరసలు, వరసకు 80 గడులున్న బొమ్మను కంప్యూటరు లెక్కగట్టింది. ఇవాళ కొలతల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది గానీ, డాక్టరు చూసేది ఇప్పటికీ ఒక లెక్కకు వచ్చిన జవాబునే.

ఆ లెక్క ఎలా చేశారో ఆ డాక్టరుకు కూడా పూర్తిగా తెలియదు. అది తయారీ కంపెనీ రహస్యం. పాఠ్యపుస్తకాల్లోని సూత్రాలతోనే పని నడిచినన్నాళ్లు ఇది పెద్ద సమస్య కాలేదు. ఇప్పుడు రోగి మీద పడే రేడియేషన్‌ను తగ్గించడానికి కొత్త పద్ధతులు వచ్చాయి. ఛాతీ సీటీకి మామూలు ఛాతీ ఎక్స్‌రే కంటే పదుల రెట్లు రేడియేషన్ పడుతుంది కాబట్టి తగ్గించాల్సిందే. కానీ ఎక్స్‌రే తగ్గితే బొమ్మ నిండా చుక్కలు పడతాయి. ఆ చుక్కలను తుడిచే పని కొన్నేళ్లుగా కృత్రిమ మేధకు అప్పజెబుతున్నారు. చుక్కలతో పాటు ఊపిరితిత్తిలోని చిన్న గడ్డను కూడా అది తుడిచేస్తే? పట్టుకునేది ఎలా? పరీక్ష కోసమని ఒకే మనిషిని పదిసార్లు స్కాన్ చేయలేం. చేసినా లోపల అసలు ఏముందో మనకు ముందుగా తెలియదు.

ఏముందో ముందే తెలిసిన రోగి కంప్యూటర్‌లో మాత్రమే దొరుకుతాడు. అందుకే సీటీని అనుకరించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు నేను ఇంత విలువ ఇస్తున్నాను. పైథాన్ వచ్చిన విద్యార్థి ఎవరైనా సైకిట్-ఇమేజ్ అనే ఉచిత ప్యాకేజీతో ఇప్పుడే చూడొచ్చు. 1974లో షెప్, లోగన్ అనే ఇద్దరు పది దీర్ఘవృత్తాలతో గీసిన తల బొమ్మ అందులో ఉంది. దాన్ని అన్ని కోణాల నుంచీ కొలిపిస్తే తెర మీద జడ అల్లినట్టు అలలు కనిపిస్తాయి. స్కానర్‌కు చేరేవి ఆ అలలే. ఆ కొలతలను వచ్చిన దారినే వెనక్కి పరిచి కలిపితే తల కనిపిస్తుంది గానీ, తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయి ఉంటుంది. ఒక్క ఫిల్టరు పెట్టగానే కపాలం అంచు, లోపలి చిన్న చుక్కలు తేటపడతాయి. కోణాలను ఇరవైకి తగ్గిస్తే బొమ్మ నిండా గీతలు. ఈ మార్పును కళ్లారా చూసినవాళ్లు ఆ తర్వాత సీటీ ఫిల్మును ఫొటో అనుకోరు.

ఆ ఫిల్టరుకు ఆస్ట్రా, టిగ్రే వంటి ప్రోగ్రాముల్లో ఉన్న పేరు ‘రామ్-లాక్’. మన దేశపు శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ పేర్లను కలిపి కుదించిన పేరది. తొలి రోగిని స్కాన్ చేసిన ఆ 1971లోనే వాళ్లు తమ వ్యాసాన్ని అచ్చువేశారు. ప్రతి కొలత నుంచి దాని పక్కన బేసి స్థానాల్లో ఉన్నవాటిని, దూరం వర్గాన్ని బట్టి తగ్గే బరువుతో తీసేస్తూ పోవాలి. సరి స్థానాల్లో ఉన్నవాటి జోలికి పోనక్కర్లేదు. ఇంత చిన్న లెక్కతో అలుకుడు పోతుంది. సూత్రం అందరి ముందూ పెట్టారు కాబట్టే, యాభై ఏళ్లు దాటాక కూడా అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో ఎవరైనా తేల్చుకోగలుగుతున్నారు. కొత్త పద్ధతులకూ అదే కొలబద్ద పెట్టాలంటాను.

ఇలా అందరి ముందూ పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఆస్ట్రా ఆంట్వెర్ప్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులది. టిగ్రే బాత్ విశ్వవిద్యాలయం, సెర్న్ కలిసి తెచ్చింది. స్కానర్లు తయారుచేసే జీఈ కంపెనీ, తన పరిశోధకులు లోపల వాడుకుంటూ వచ్చిన క్యాట్‌సిమ్ అనే అనుకరణ ప్రోగ్రాము ఆధారంగా ఎక్స్‌సిస్ట్‌ను అందరికీ విడుదల చేసింది. దానికి నిధులిచ్చింది అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ. 2018లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2,986 మంది కల్పిత రోగులతో రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టే రెండు ఎక్స్‌రే పద్ధతులను పోల్చారు. ఒక్క మనిషి మీదా ఎక్స్‌రే పడలేదు. మనుషులపై జరిగిన పరీక్ష చూపిన దిశలోనే ఫలితం వచ్చింది. వాడిన ప్రోగ్రాములనూ బయటపెట్టారు.

అనుకరణ అచ్చం శరీరం కాదన్నది నిజమే. ఊపిరి తీసినప్పుడు కదిలే ఛాతీ, పంటిలోని లోహం, దారి తప్పి చెదిరే కిరణాలు, వీటన్నిటినీ పూర్తిగా కంప్యూటర్‌లో దించలేం. ఈ ఉచిత ప్రోగ్రాములు ఇచ్చిన బొమ్మ చూసి వైద్యం చేయమని కూడా నేననడం లేదు. అయితే ఆ లోటు తీరేది అసలైన స్కానర్ కొలతలు చేతికొచ్చినప్పుడే. అమెరికాలో మాయో క్లినిక్ రోగుల వివరాలు తీసేసి, కంపెనీ ఫార్మాట్‌తో పనిలేకుండా చదవగలిగే రూపంలో ఆ ముడి కొలతలను పరిశోధకులకు ఇచ్చింది. 2016లో తక్కువ రేడియేషన్ సీటీ మీద పెట్టిన బహిరంగ పోటీ వాటితోనే నడిచింది.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సర్కారు ఆసుపత్రులకు పరికరాలు కొనేది వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థలు. స్కానర్ టెండరులో అవి ఒక షరతు చేర్చాలి: ముడి కొలతలను ఎవరైనా చదవగలిగే రూపంలో బయటికి తీసే వీలు యంత్రంలో ఉండాలి, దానికి విడిగా రుసుము అడగకూడదు. కొత్త రోగులకు చోటు కావాలి కనుక స్కానర్‌లో ఆ కొలతలు సాధారణంగా ఎక్కువ కాలం ఉండవు, చెరిగిపోతాయి. లెక్కగట్టిన బొమ్మలు మాత్రమే మిగులుతాయి. యంత్రం బిగించాక అడిగితే కంపెనీకి ఇవ్వాల్సిన అవసరం ఉండదు కాబట్టి, అడగాల్సింది సంతకం పెట్టక ముందే.