ఒక్క వానాకాలం చూసి కొనండి

రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చింది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ స్థిరపడ్డారు. సిటీలో రెండు గదుల ఫ్లాటుకి పెట్టే డబ్బుతో పల్లెలో పెంకుటిల్లు, పది సెంట్ల స్థలం, వాకిట్లో వేపచెట్టు, పెరట్లో నుయ్యి వస్తాయంటే ఎవరికి మాత్రం ఆశపుట్టదు? పైగా మనం ఆ ఇల్లు చూసేది ఏ సంక్రాంతి సెలవుల్లోనో. కోతలైపోయి, బురద ఎండిపోయి, ఊరంతా ముగ్గులతో కళకళలాడుతుంటుంది. అప్పుడు ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది!

ఫ్లాటు లోపాలు చాలావరకు కాగితాల్లో దొరికిపోతాయి. పల్లెటూరి ఇంటి సంగతి వేరు. దాని లోపాలు కొనేవాళ్లకు తప్ప ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ నోరు విప్పరు. 'వాడి బేరం మనమెందుకు చెడగొట్టాలి?' అనుకుంటారు. అది వాళ్ల మర్యాద. తెలుసుకోవాల్సింది మనమే.

ముందుగా ఇంటి ఎత్తు చూడండి. పూర్వం వీధికంటే రెండు మూడడుగుల ఎత్తున అరుగు వేసి ఇల్లు కట్టుకునేవాళ్లు. తర్వాత మట్టిరోడ్డు మీద గ్రావెలు, దానిమీద సిమెంటు రోడ్డు, అది పగిలిందని దానిమీదే మరోటి వేశారు. పాతది తవ్వితీసే అలవాటు మనకెక్కడుంది? వేసినప్పుడల్లా వీధి పైకి లేస్తుంది. ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. కింది మెట్టు సగం సిమెంటులో కూరుకుపోయి కనిపించిందంటే, పెద్దవాన పడినరోజు వీధినీళ్లు ఎటు పోతాయో వేరే చెప్పక్కర్లేదు. గోడల కింద అడుగెత్తున నీటిచార ఉందేమో చూడండి. కొత్తగా సున్నం కొట్టించి ఉంటే మరీ జాగ్రత్తగా చూడండి. నల్లరేగడి నేలయితే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. మేస్త్రీ వచ్చి సిమెంటు పూస్తే ఆ ఏడాదికి కనపడకుండా పోతాయంతే.

ఇక నుయ్యి. దాన్ని వానాకాలంలో చూసి మురిసిపోకండి, మే నెలలో చూడండి. నీళ్లున్నంత మాత్రాన సరిపోదు. ఫ్లోరైడుకు రంగూ రుచీ ఉండవు. నల్గొండ ప్రాంతంలో ఆ జబ్బును గుర్తించి దశాబ్దాలైంది. కనిగిరి వైపూ అదే బాధ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. సీసాలో పట్టుకెళ్లి ల్యాబులో పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు రిజిస్ట్రేషన్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. కోస్తాలో అయితే చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయేమో చూసుకోవాలి. ఉప్పునీళ్ల చెరువులు తవ్వినచోట పక్కనున్న బావులు ఉప్పెక్కిపోవడం ఆ ఊళ్లవాళ్లందరికీ అనుభవమే.

రైసుమిల్లు బూడిద, క్వారీ దుమ్ము, కోళ్లఫారం ఈగలు... ఇవన్నీ ఉదయం పదింటికి కారులో వెళ్లి అరగంటలో తిరిగొచ్చేవాళ్లకు తెలియవు. ఒక రాత్రి ఆ ఊళ్లో పడుకోండి.

కాగితాల దగ్గరకొద్దాం. ఊరి నడుమనుండే పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. రెవెన్యూ రికార్డుల్లో ఆ స్థలమంతా కలిపి ఊరిగా చూపిస్తారే తప్ప ఏ ఇల్లు ఎవరిదో రాయరు. పట్టాదారు పాసుపుస్తకం ఉండదు, అడంగల్‌లో పేరుండదు. లేనంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. అలాగని పంచాయతీ ఇంటిపన్ను రసీదు చూపించి 'ఇదిగో నా హక్కు' అంటే నమ్మనూ కూడదు. ఆ ఇంటికి పన్ను కట్టారని తప్ప ఆ రసీదు ఇంకేమీ చెప్పదు. కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించి, డ్రోన్లతో ఇలాంటి ఇళ్లస్థలాలు కొలిపించి ప్రాపర్టీ కార్డులివ్వడం మొదలుపెట్టింది. ఆ ఊళ్లో కొలతలయ్యాయా, అయితే కార్డు ఎవరి పేరుమీద, ఎన్ని గజాలకు వచ్చిందో అడగండి. దస్తావేజులోని చెక్కుబందీకీ దానికీ తేడా ఉంటే అక్కడే ఆగిపోండి.

'ఈసీ తీయించాం, క్లీనుగా ఉంది' అంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. పెద్దల సమక్షంలో నోటిమాటగా చేసుకున్న పంపకాలు, తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందాలు, బీరువాలో దాగిన వీలునామా అందులోకి రావు. కంప్యూటర్లో దొరికేది కూడా 1983 నుంచే. అంతకుముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి.

అసలు గొడవలు ఎక్కువగా వచ్చేది ఆడపడుచుల వాటా దగ్గర. అన్నదమ్ములిద్దరూ వచ్చి సంతకం పెడతామంటారు. అక్కచెల్లెళ్ల మాటెత్తితే 'పెళ్లిళ్లప్పుడే ఇచ్చి పంపించేశాం కదండీ' అంటారు. చట్టం ఆ మాట వినదు. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండా ఆయన పోయి ఉంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్లకూ సమానవాటా ఉంది. పిత్రార్జితమైతే మన రాష్ట్రంలో 1986లో, దేశమంతటికీ 2005లో చట్టం మారింది. తండ్రి 2005కు ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించుకుని అందులో ఉన్న ప్రతి పేరుకూ సంతకం అడగండి. చనిపోయిన ఆడపడుచు ఉంటే ఆమె పిల్లలవీ కావాలి. 'మా ఇంటి ఆడపిల్లలను అనుమానిస్తారా?' అని అమ్మేవాళ్లకు కోపం రావచ్చు. రానివ్వండి. ఇంటికి లక్షలు పోసి బాగుచేయించుకున్నాక కోర్టు నోటీసు వస్తే మనకొచ్చే కోపం కంటే అది చిన్నదే.

మరో చిక్కు దారి. వీధిలోంచి ఇంటి గుమ్మం దాకా ఉన్న సందు ఎవరిది? అది ప్రభుత్వ పుంతో డొంకో అయితే దిగుల్లేదు. అమ్మేవాళ్ల దాయాదులదైతే ఇన్నాళ్లూ చుట్టరికం కొద్దీ నడవనిచ్చి ఉంటారు. మనకు వాళ్లతో ఆ చుట్టరికం లేదు. దారి, ఉమ్మడి గోడ, ఉమ్మడి నుయ్యి... వీటిలో మన హక్కేమిటో దస్తావేజులో రాయించుకోవాలి.

ఊరికి కాస్త ఎడంగా ఉన్న స్థలమైతే అది అసైన్డ్ భూమో, చెరువు శిఖమో, దేవాలయానిదో కాదని 22-ఏ జాబితాలో చూసుకోవడం మరవకండి. ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు అక్కడ స్థలం కొంటే చెల్లదు, ఎంత చవగ్గా వచ్చినా సరే.

వీలైతే ఆ ఊళ్లోనే జూన్ నుంచి అక్టోబరు దాకా ఓ ఇల్లు అద్దెకు తీసుకోండి. పల్లెల్లో అద్దెలు ఎక్కువేం ఉండవు. కుళాయి దగ్గర ఆడవాళ్లతో, కరెంటు లైన్‌మన్‌తో, పోస్ట్‌మన్‌తో మాట కలపండి. 'ఆ ఇల్లెలాంటిది?' అని అడిగితే 'బంగారంలాంటి ఇల్లండీ' అనే చెబుతారు. అలా కాకుండా 'ఇంతకుముందు ఎవరైనా బేరమాడి వదిలేశారా?' అని అడగండి. వదిలేసినవాళ్ల ఊరూ పేరూ చెబితే, అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్లేముందు వాళ్లింటికి వెళ్లిరండి.