కారులోని రొదకు నిదానము



మోటారుకారు మన మధ్యతరగతి సంసారములలో విలాసవస్తువుగా నుండుట మాని, పిల్లల బడికిని, పెద్దల వైద్యమునకును, తీర్థయాత్రలకును నిత్యము వాడబడు వస్తువైనది. దానిని స్వయముగా నడుపుకొను స్త్రీలును నేడు పెక్కురు గలరు. అందుచే దానిలో పుట్టు నొక చిన్న బాధనుగూర్చి యీ నెల ముచ్చటింప దలచితిమి.

గోదావరీతీరమునుండి యొక సోదరి వ్రాసిన లేఖ దీనికి కారణము. వారి కారులో మొదటినుండి యున్న పాటల సెట్టును తీసివేసి, క్రొత్త స్టీరియోను, తలుపులలో నాలుగు స్పీకరులను, డిక్కీలో నొక ఆంప్లిఫయరును పెట్టించినారట. ఇరువది వేల రూపాయలకు పైగా వ్యయమైనదట. నాటినుండి యింజను వేగము హెచ్చినకొలది ఈలవంటి కూత యొకటి వినవచ్చుచున్నది. పాటయా, పలుచబడి జీవము లేక యున్నది. ఆమె అత్తగారికి వినికిడి కొంత తగ్గినది. ప్రయాణములలో హరికథలు వినుట ఆ పెద్దదిక్కునకు గల యొక్క వేడుక. ఇప్పుడు రొద తప్ప మాట తెలియుట లేదని యామె విసిగి, కట్టివేయుమనుచున్నారట. అమ్మిన దుకాణమువారు మరి యెనిమిది వేలు పెట్టి పెద్ద ఆంప్లిఫయరు కొనిన బాగగునని చెప్పుచున్నారు. కొనవలెనా, వలదా యని సోదరి ప్రశ్న.

మా ప్రత్యుత్తరమును మొదటనే చెప్పెదము: ఇప్పుడేమియు కొనవలదు. సెట్టు మార్పించిన పిమ్మట పుట్టు రొదలలో పెక్కింటికి కారణము వాద్యము కాదు. దానిని కలిపిన తీగలును, అతుకులును. అతుకు చెడియుండగా పెద్ద ఆంప్లిఫయరు తెచ్చినచో, పాటతోబాటు రొదయు పెద్దదియే యగును.

నిదానమను మాటకు లోకమున మెల్లదనమనియు, వైద్యశాస్త్రమున రోగకారణనిర్ణయమనియు రెండర్థములు గలవు. ఈ పనికి రెండును కావలెను.

ఈ బాధ క్రొత్తది కాదు. 1930వ సంవత్సరమున అమెరికాలో గాల్విను సోదరుల సంస్థ మోటరోలా యను పేర కారు రేడియోను అమ్మకమునకు తెచ్చినది. ఆ కాలమున ఇంజనులో నిప్పురవ్వ పుట్టినప్పుడెల్ల రేడియోలో టకటకమను చప్పుడు పుట్టెడిది. స్పార్కు ప్లగ్గులకు నిరోధకములు తగిలించి దాని నణచెడివారు. నేటి పెట్రోలు కార్లలో సాధారణముగా ఆ నిరోధకము ప్లగ్గులోపలనే యుండును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వయే లేదు. కావున ఆ టకటక తగ్గి, దాని స్థానమును ఈల యాక్రమించినది. మెకానిక్కులు డైనమో యని పిలుచు ఆల్టర్నేటరు, ఇంజనుతో తిరుగుచు బ్యాటరీని నింపుచుండును. అది పుట్టించు విద్యుత్తు మొదట అటునిటు పారునది. దానిని ఒకేదిశకు మరల్చినను సన్నని యలలు కొన్ని మిగులును. ఇంజను వడి హెచ్చిన ఆ యలల వడియు హెచ్చును. ఆ యలలు పాటత్రోవలో చొరబడినప్పుడు మనకు ఈలగా వినబడుచు, వేగముతో స్వరము పెంచుకొనును.

ఇక పరీక్షలు. వీనికి పనిముట్టేదియు నక్కరలేదు. కాగితమును, కలమును చాలును. కారును బయలు ప్రదేశమున నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరు తటస్థమున నుంచుడు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్షింపరాదు. ఆ పొగ ప్రాణాపాయకరము.

మొదటి ప్రశ్న: ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి సెట్టు పెట్టినపుడు రొద యున్నదా? అప్పుడు లేక, ఇంజను నడచునపుడు మాత్రమే పుట్టి, వడితో హెచ్చుచున్నచో అది ఆల్టర్నేటరు కూత. ఇంజను ఆగినను, నడచినను ఒకే తీరున బుస్సుమనుచున్నచో అది వేరు. దానిని ముందు చెప్పెదము.

రెండవ ప్రశ్న: వాల్యూము తగ్గించిన రొదయు తగ్గుచున్నదా? తగ్గినచో ఆ రొద స్టీరియోకు ముందే, అనగా ఫోనునుండియో, రేడియోనుండియో ప్రవేశించుచున్నది. వాల్యూమును పూర్తిగా తగ్గించినను అది యట్లే నిలిచియున్నచో, స్టీరియో దాటిన పిదప, ఆంప్లిఫయరునకు పోవు తీగలలోనో, ఆంప్లిఫయరునందో ప్రవేశించుచున్నది. ఈ యొక్క ప్రశ్నతో సగము కారు వెదకుట తప్పును.

మూడవ ప్రశ్న: రేడియో, పెన్‌డ్రైవు, ఫోను, అన్నిటను రొద యున్నదా? రేడియోలో మాత్రమే యున్నచో యాంటెనా తీగ వదులై యుండవచ్చును. లేదా అద్దమునకు తగిలించిన కెమెరాయో, చౌక చార్జరో కారణము కావచ్చును. వానిని ఒక్కొక్కటిగా ఊడదీసి చూడుడు.

నాలుగవ ప్రశ్న: ఫోను చార్జరును తీసివేసిన రొద పోయినదా? ఫోనును చార్జరునకు తగిలించి, అదే ఫోనునుండి ఆక్స్ తీగతో పాట పెట్టుట మన యిండ్లలో వాడుక. అప్పుడు ఫోను రెండు త్రోవల కారుతో కలియును, ఈల వచ్చును. చార్జరు తీసినయెడలనో, తీగకు బదులు బ్లూటూత్ వాడినయెడలనో పైసా ఖర్చు లేకయే రొద మాయమగును. వేలు ఖర్చుపెట్టకముందు ఈ పరీక్ష చేయని వారనేకులు.

రెండు త్రోవలు కలిసిన రొద యేల పుట్టునో చెప్పెదము. ఇంటి దీపమునకు విద్యుత్తు వచ్చుట కొక తీగ, పోవుట కొక తీగ యుండును. కారులో వచ్చుటకు మాత్రమే తీగ. తిరిగి పోవుటకు కారు ఇనుపరేకే త్రోవ. రేకునకు బిగించు ఆ అతుకునే ఎర్తు అందురు. స్టీరియో ఎర్తు ముందొకచోట, ఆంప్లిఫయరు ఎర్తు డిక్కీలో వేరొకచోట నుండును. రెండు చెరువుల నీటిమట్టము సమానముగా లేనప్పుడు వాని నడుమ నొక సన్నని కాలువ త్రవ్విన నీరు దానిలో పారక మానదు. అట్లే రెండు ఎర్తులకు తేడా యున్నచో, పాటను మోయు తీగల పైపొరయే కాలువయై, ఆల్టర్నేటరు అలలు దానిలో పారును.

సోదరి వ్రాసినదానినిబట్టి చూడగా వాల్యూము తగ్గించినను ఈల తగ్గుట లేదు. కావున మేము మొట్టమొదట అనుమానించునది ఆంప్లిఫయరు ఎర్తునే. దానిని రంగు మీదనే బిగించి పోవుట కలదు. రంగు విద్యుత్తును పోనీయదు. అచ్చట ఉప్పుకాగితముతో రంగు పోవువరకు రుద్ది, ఇనుము మెరయునట్లు చేసి, బోల్టుతో గట్టిగా బిగించి, తరువాత త్రుప్పు పట్టకుండ పైన కొంచెము గ్రీజు పూయవలెను. ఆ తీగ అర మీటరునకు మించక, బ్యాటరీనుండి వచ్చు తీగయంత లావుండవలెను. సీటు బెల్టు బోల్టునకు మాత్రము ఎర్తు బిగింపనీయరాదు. అది ప్రాణరక్షణకై యుంచబడినది. ఎలక్ట్రీషియనువద్ద మీటరుండును. పాట పెద్దగా పాడుచుండగా ఆంప్లిఫయరు ఎర్తునకును, బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ కొలిపించుడు. వోల్టులో పదవవంతునకు లోబడిన మేలు. అర వోల్టు చూపినచో అతుకు చెడినదనుటకు సందేహము లేదు.

ఎర్తు బాగుగా నున్నను ఈల పోనిచో తీగల దారిని చూడవలెను. బ్యాటరీనుండి వచ్చు లావు తీగయు, పాటను మోయు ఆర్.సి.ఏ. తీగలును ఒకే ప్రక్క జతగా పోరాదు. ఒకటి కారు కుడిప్రక్కను, ఒకటి ఎడమప్రక్కను పోవలెను. దాటక తప్పనిచోట అడ్డముగా దాటవలెను. దోషమేవైపుననున్నదో తేల్చుటకు, సెట్టు కట్టివేసి ఆ తీగలను ఆంప్లిఫయరునుండి ఊడదీయించి, ఫోనును చార్జరు లేకుండ తిన్నగా ఆంప్లిఫయరునకు కలిపి వినుడు. పాట స్వచ్ఛముగా వచ్చినచో ఆంప్లిఫయరు నిర్దోషి. దానిని మార్చుట వృథా. రొదను వడగట్టునని యమ్ము చిన్న పెట్టెలు కొన్ని గలవు. అవి కూతను ఆపవచ్చును గాని, చౌకవి మంద్రస్వరములను గూడ తినివేయును. కడపటి యుపాయముగా మాత్రమే వానిని వాడవలెను.

ఇక ఎల్లప్పుడు బుస్సుమను ధ్వని. ఆంప్లిఫయరుమీద గెయిను అను చిన్న మర యుండును. దానిని చాలమంది రెండవ వాల్యూమనుకొని చివరివరకు త్రిప్పుదురు. అది వాల్యూము కాదు. స్టీరియో పంపు బలమునకు ఆంప్లిఫయరును సరిపెట్టు మర. దానిని పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమును ముప్పాతిక వంతునకు పెంచి, పరిచితమైన పాట నొకటి పెట్టి, మరను మెల్లమెల్లగా త్రిప్పవలెను. గాయకుని గొంతు బరబరమన నారంభించినచోట ఆగి, కొంచెము వెనుకకు త్రిప్పవలెను. బుస తగ్గును, స్పీకరులును కాలిపోక నిలుచును.

పాట పలుచబడుటకు కారణము వేరు. ప్రతి స్పీకరునకు ధనము, ఋణము అని రెండు కొసలు గలవు. ఒకదానికి తీగలు తారుమారైనచో, ఒక స్పీకరు ముందునకు త్రోసినప్పుడు రెండవది వెనుకకు లాగును. ఆ పోరులో మృదంగధ్వనివంటి మంద్రస్వరములు ఒకదానినొకటి చంపుకొనును. స్టీరియోలో బ్యాలెన్సును పూర్తిగా ఒకవైపునకు త్రిప్పి వినుడు. రెండువైపుల పాడునప్పటికంటె ఒకవైపు పాడునపుడే మృదంగము నిండుగా వినబడిన తీగలు తారుమారైనట్లే. స్పీకరును ఆంప్లిఫయరునుండి విడదీయించి, గోడగడియారపు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణము తాకించిన స్థిరపడును: ధనమునకు ధనము తాకిన స్పీకరు అట్ట ముందునకు కదలవలెను. మార్చుట కైదు నిమిషముల పని.

తలుపు రేకును ఒకసారి తట్టి చూడుడు. స్పీకరు వదులుగా బిగించినను, లోరేకులో పెద్ద రంధ్రములున్నను, వెనుకకు పోవు ధ్వని ముందు ధ్వనిని తగ్గించును. ఆ రంధ్రములను బ్యూటైలు రబ్బరు పట్టీలతో మూయింపవచ్చును. కాని తలుపు అడుగున నుండు సన్నని రంధ్రములను మూయరాదు. అవి వాన నీరు పోవుటకు. మూసినచో తలుపు లోపలినుండి త్రుప్పు పట్టును.

అత్తగారి హరికథనుగూర్చి రెండు మాటలు. వయస్సుతో వచ్చు చెవుడులో మొదట తగ్గునది హెచ్చుస్థాయి స్వరముల వినికిడి. మాటలలోని స, శ, త, క వంటి హల్లుల స్పష్టత ఆ స్థాయిలోనిదే. మంద్రమును మితిమీరి పెంచిన ఆ హల్లులు దానిక్రింద మునిగిపోవును. కావున మాటలు వినునపుడు బేసు పెంచు మీటలను కట్టివేసి, మధ్యమస్వరములను కొంచెము పెంచుడు. పెద్దమ్మగారు కూర్చుండు వైపు స్పీకరును ప్రధానము చేయుడు. పిల్లల చెవులకును ఇదియే మేలు. రొద నడగద్రొక్కవలెనని వాల్యూము పెంచు నలవాటు కారులోని పసిచెవులకు హాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెల్లులు హద్దుగా నుంచినది. పిల్లలకు హద్దు 75 మాత్రమే.

ఇంతవరకు చెప్పినది సుఖమునకు. ఇక చెప్పునది క్షేమమునకు. బ్యాటరీ ధనధ్రువమునుండి ఆంప్లిఫయరునకు పోవు తీగకు, బ్యాటరీకి జానెడు రెండు జానల దూరములోనే ఫ్యూజు ఉండితీరవలెను. ఫ్యూజు లేని తీగ యెచ్చటనైన ఒరసి రేకును తాకినచో, బ్యాటరీలోని బలమంతయు దానిగుండ పారి నిప్పంటుకొనును. అది ఇంజను గదినుండి లోనికి వచ్చు రంధ్రమున రబ్బరు చుట్టు ఉండవలెను. ఫ్యూజు పోయినప్పుడు అంతకంటె పెద్దదానిని గాని, తీగముక్కను గాని పెట్టనీయరాదు. కొన్ని చౌక తీగలు పైన రాగి పూతయు, లోపల అల్యూమినియమును గలవి. ఒకే లావున నున్నను రాగితీగ మోసినంత భారము మోయలేవు. అరగంట పాట విన్న పిదప ఆ తీగ చేతికి వేడిగా తగిలినచో సెట్టును కట్టివేయుడు. పసుపుపచ్చని తొడుగు గల తీగలు ఎయిర్‌బ్యాగులవి. వానిని ఎవ్వరును తాకరాదు, కత్తిరింపరాదు.

కావున, సోదరీ, దుకాణమునకు మరల పోవునపుడు డబ్బుసంచి కాక, మీరు వ్రాసికొన్న కాగితమును తీసికొనిపొండు. నాలుగు ప్రశ్నలడుగుడు: ఎర్తు ఎచ్చట బిగించితిరి? రంగు గీచితిరా? ఫ్యూజు ఎచ్చటనున్నది? రెండు తీగలు ఏ ప్రక్కలనుండి పోయినవి? చూపింపుమనుడు, మాటతో తృప్తి పడవలదు. అమర్చుటలోని దోషమును సరిచేయుట అమర్చినవారి విధి. దానికి మరల వెల యడుగుట న్యాయము కాదు. ఇవన్నియు సరియైనను ఈల నిలిచినచో, అప్పుడు ఆల్టర్నేటరును పరీక్ష చేయింపుడు. ఇంజను నడచునపుడు బ్యాటరీవద్ద సాధారణముగా 13.5 మొదలు 14.5 వోల్టులవరకు చూపవలెను.

ఫలితమును మాకు వ్రాయుడు. ఇతర సోదరీమణులును తమ కార్లలో వినబడు రొదను, పై నాలుగు పరీక్షలకు వచ్చిన సమాధానములతో కూడ వ్రాసినచో, తెలిసినంతవరకు ప్రత్యుత్తరమీయ గలవారము.