'మూట్' అంటే ఏమిటి?

లా విద్యార్థులు 'మూట్ కోర్ట్' అన్నప్పుడల్లా తక్కిన శాఖల మిత్రులు ముఖముఖాలు చూసుకుంటారు. ఇది మన మూటా కాదు, మూగ అని అర్థమిచ్చే 'మ్యూట్' అసలే కాదు. వెయ్యేళ్ళు పైబడ్డ పాత ఇంగ్లీషు మాట. 'గెమోట్' అంటే నలుగురూ కూడడం, కూడి వాదించుకోవడం. 'మీట్' అనే క్రియ దీని తోబుట్టువే.

1066లో నార్మన్లు వచ్చిపడక ముందు ఇంగ్లండు రాజుకు సలహా చెప్పే పెద్దల సభ పేరు 'విటెనగెమోట్', అంటే తెలిసినవాళ్ళ కూటమి. కింద కొన్ని ఊళ్ళకు కలిపి ఒక మూట్, నాలుగు వారాలకోసారి. జిల్లా మూట్ ఏడాదికి రెండుసార్లు. దిబ్బ మీదో, చెట్టు కిందో, రేవు దగ్గరో ఆరుబయట కూడేవారు. మన రచ్చబండ లాంటిదే అనుకోండి. (పాపం, మన రచ్చకూ ఇప్పుడు గొడవ అనే అర్థమే మిగిలింది!)

తరువాత లండన్‌లో న్యాయశాస్త్రం నేర్పే 'ఇన్స్ ఆఫ్ కోర్ట్'లో విద్యార్థులు లేని కేసును కల్పించుకుని వాదించడం అభ్యాసమైంది. దానికీ మూట్ అనే పేరు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. కల్పిత వాదంలో తీర్పు వల్ల ఒరిగేదేమీ లేదు కదా! ఆ నీడ పడి అమెరికాలో 'మూట్ పాయింట్' అంటే ఇక చర్చించి ప్రయోజనం లేనిది అయింది. బ్రిటన్‌లో ఇంకా తేలనిది, చర్చించవలసినది అనే అర్థం నిలిచింది.

ఈ తేడా నిఘంటువులకు వదిలేసేది కాదంటాను. మార్కో డిఫ్యూనిస్ అనే విద్యార్థికి వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు లా స్కూల్లో 1971లో సీటు రాలేదు. అల్పసంఖ్యాక వర్గాలవారికి వేరే పద్ధతి పెట్టడం అన్యాయమని దావా వేశాడు. కింది కోర్టు ఆదేశంతో చేరాడు. 1974లో సుప్రీంకోర్టు దగ్గర కేసు తేలే వేళకు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ఇక ఇది 'మూట్' అని అయిదుగురు న్యాయమూర్తులు, కాదని నలుగురు! అసలు ప్రశ్న మీద తీర్పే లేదు. ఆయన వాదం సబబా కాదా అన్నది వేరే సంగతి. ఆయన చదువు ముగిసినంత మాత్రాన ప్రశ్న ముగిసిందా? 1978లో బక్కీ కేసుగా మళ్ళీ గుమ్మం తొక్కింది. 2003లోనూ, 2023లోనూ వచ్చింది.

మన క్యాంపసుల్లోనూ ఇదే తంతు. హాస్టల్ నీళ్ళ సంగతో, ఆలస్యమైన స్కాలర్‌షిప్పుల సంగతో ఒక బ్యాచ్ లేవనెత్తుతుంది. పరిశీలిస్తామంటారు. ఈలోగా పరీక్షలు, టీసీలు, వీడ్కోలు విందు. అడిగినవాళ్ళు వెళ్ళిపోయారు గనక అడిగిన మాటా పోయిందని లెక్క. నీళ్ళు మాత్రం అలాగే ఉంటాయి, కొత్త బ్యాచ్ వాటినే తాగుతుంది.

ఈసారి జనరల్ బాడీ సమావేశంలో ఎవరైనా లేచి ఫలానా విషయం 'మూట్' అంటే, ఏ దేశపు అర్థంలో అంటున్నారో ముందు అడగండి.