అన్నా, ఇది ఇంకా క్లాసా?

మొన్న కోడ్ రివ్యూలో టీమ్‌లోని కుర్రాడొకడు నా ఫైలు కింద ఒక్క ముక్క రాశాడు: "అన్నా, ఇది ఇంకా క్లాసా?" పక్కనే ఒక నవ్వు బొమ్మ. ఆరేళ్లుగా ఒక్క బగ్గు కూడా రాని ఫైలది. లోపల ఏముందో చదివినట్టు లేదు. పైన క్లాస్ అన్న మాట కనబడగానే దానికీ నాకూ కలిపి వయసు లెక్కేసేశాడు.

ఆ నవ్వు బొమ్మ కాస్త గట్టిగానే తగిలింది.

ఆ ఫైలు రియాక్ట్‌లో రాసింది. వెబ్ తెరలు కట్టే ఈ లైబ్రరీని ఫేస్‌బుక్ 2013లో బయటి ప్రపంచానికి ఇచ్చింది. జావాస్క్రిప్ట్ క్లాసులతో కాంపోనెంట్లు రాసుకునే వీలు 2015లో, 0.13 వెర్షన్‌తో వచ్చింది. అప్పట్లో ఫంక్షన్ కాంపోనెంట్ అంటే ఇచ్చింది తీసుకుని తెరమీద గీయడమే, సొంతంగా ఏదీ గుర్తుపెట్టుకోలేదు. ఆ జ్ఞాపకం, అంటే స్టేట్, కావాలంటే క్లాసు గుమ్మం తొక్కాల్సిందే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి దిగిన మాలాంటి వాళ్లం కన్‌స్ట్రక్టరూ, సూపరూ, బైండూ ఎక్కాల్లా వల్లెవేసి ఉద్యోగాలు తెచ్చుకున్నాం. 2018 అక్టోబర్‌లో, ఫంక్షన్లకూ స్టేట్ ఇచ్చే హుక్స్‌ని ప్రకటించారు, 2019 ఫిబ్రవరిలో 16.8తో విడుదల చేశారు. ఇక చూడండి, నిన్నటిదాకా కూరకు వాసన తెచ్చిన కరివేపాకు విస్తరి అంచుకు చేరింది.

ఇందులో రియాక్ట్ తయారుచేసినవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. క్లాసుల్ని తీసేసే ఆలోచన లేదని ఆ రోజే చెప్పారు. ఫేస్‌బుక్‌లోనే వేలకు వేలు క్లాసు కాంపోనెంట్లున్నాయి, వాటిని తిరగరాయబోవడం లేదన్నారు. ఆ మాట మనదాకా వచ్చేసరికి "క్లాసులు పోయాయట" అయింది.

నేను పనిచేసిన ఒకచోట ఓటీపీ స్క్రీన్ ఉండేది. 30 సెకన్ల లెక్క సున్నాకు దిగితే "మళ్లీ పంపు" బటన్ వెలగాలి. క్లాసులో రాసింది. కాంపోనెంట్ డిడ్ మౌంట్‌లో టైమర్ మొదలవుతుంది, కాంపోనెంట్ విల్ అన్‌మౌంట్‌లో ఆగుతుంది. పేర్లు చదివితే చాలు, ఎప్పుడేం జరుగుతుందో కొత్తవాడికీ తెలిసిపోతుంది. దాన్ని హుక్స్‌లోకి మార్చమని ఓ టికెట్ వచ్చింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఊరికే. మార్చారు. యూజ్ ఎఫెక్ట్ రాసి, చివర ఖాళీ బ్రాకెట్లు పెట్టారు. లెక్క 30 నుంచి 29కి దిగి అక్కడే బిగుసుకుపోయింది. మొదటి రెండర్‌లో ఆ ఫంక్షన్ చేతికి చిక్కింది 30. ప్రతి సెకనుకూ శ్రద్ధగా అదే 30లోంచి ఒకటి తీసి, మళ్లీ 29 రాస్తోంది పాపం. విలువ బదులు "ఉన్నదాంట్లోంచి ఒకటి తీసెయ్" అనే ఫంక్షన్ ఇస్తే సరిపోతుంది, మందు తెలిస్తే ఒక్క లైనే. అది తెలిసేసరికి రెండు రోజులు పోయాయి. క్లాసులో ఈ బాధే లేదు, దిస్ డాట్ స్టేట్‌ని ఎప్పుడడిగినా ఇప్పటి విలువే చెబుతుంది.

క్లాసు తప్పుల్లేనిదని నేననను. బైండ్ మరిచిపోయి "అన్‌డిఫైన్డ్" చూసి జుట్టు పీక్కున్న రాత్రులు నాకూ ఉన్నాయి. ఒకే పనికి సంబంధించిన కోడ్ మూడు మెథడ్లలో చెల్లాచెదురవుతుంది. దిస్ ఎప్పుడూ తాజా విలువ చెప్పడమే ఒక్కోసారి కొంప ముంచుతుందని రియాక్ట్ టీమ్‌లోని డాన్ అబ్రమోవ్ 2019లో విడమరిచి చూపించాడు. ఒకరి ప్రొఫైల్‌లో ఫాలో నొక్కి, మూడు సెకన్లలోపు ఇంకొకరి పేజీకి వెళ్తే, ఫాలో అయ్యారని చెప్పే మెసేజ్‌లో రెండో మనిషి పేరొస్తుంది. నిజమే. అందుకే కొత్త స్క్రీన్లు నేనూ ఫంక్షన్లతోనే రాస్తున్నాను.

కానీ ఎర్రర్ బౌండరీ మాటేమిటి? రియాక్ట్ 16 నుంచి, అంటే 2017 నుంచి, గీసేటప్పుడు ఏ మూల చిన్న కాంపోనెంట్ బోల్తాపడినా, పట్టుకునేవాళ్లు లేకపోతే పేజీ మొత్తం తెల్లకాగితమే. ఆ పట్టుకునే పని ఇప్పటికీ క్లాసే చేయాలి. దానికి హుక్ లేదు. "మేం క్లాసులు వాడం, ప్యాకేజీ వాడతాం" అనేవాళ్లు ఆ ప్యాకేజీ మూత తీసి చూడండి. లోపల కూర్చున్నది క్లాసే. ఇంత చేసినా 2023లో వచ్చిన కొత్త డాక్యుమెంటేషన్‌లో దాన్ని "లెగసీ" అరలోకి తోశారు. 2025లో వచ్చిన రియాక్ట్ కంపైలర్ ఫంక్షన్లకే సేవ చేస్తుంది, క్లాసుల వైపు కన్నెత్తి చూడదు. కాపలావాణ్ణి రాత్రంతా మేలుకోబెట్టి, పొద్దున పంక్తిలో చోటు లేదన్నట్టుంది.

పనిచేస్తున్న క్లాసుల జోలికి ఊరికే వెళ్లకండి బాబూ. ఇంటర్వ్యూలో "నేను క్లాసులు రాశాను" అన్నవాణ్ణి చూసి ముసిముసిగా నవ్వకండి. వాడికి కాంపోనెంట్ పుట్టుక, పెరుగుదల, చావు వరసగా తెలుసు.

ఆ కుర్రాడి కామెంట్ కింద "హుక్స్‌లోకి మార్చి చూపించు తమ్ముడూ" అని రాసి ఊరుకున్నాను. సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని నా కుర్చీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇది ఎర్రర్ బౌండరీ కదా. దీనికి హుక్ లేదా?"

"లేదు."

కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. రివ్యూ అప్రూవ్ అయింది. నవ్వు బొమ్మ మాత్రం తీయలేదు.